అరచేతి తెర మీద నాలుగు మాటలు

మా చిన్నతనంలో ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎవరికీ పట్టేది కాదు. పోస్టుమ్యాను గుమ్మం దాకా వచ్చి సంతకం అడిగాడంటే ఎక్కడో ఎవరికో ఏదో అయిందనే లెక్క. మేమే పంపవలసి వచ్చినప్పుడు మా నాన్నగారు ముందుగా ఒక కాగితం మీద రాసుకొని, ఒక్కొక్క మాటే కొట్టివేస్తూ పోయేవారు. మాటకు ఇంత అని రుసుము. చిరునామాలోని మాటలకు కూడా రుసుమే. "స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని రాసి, కాసేపు చూసి, "ఇమ్మీడియట్లీ" కొట్టివేసేవారు. "టెలిగ్రాం ఇచ్చి రమ్మంటే నిదానంగా రమ్మని ఎవరైనా అనుకొంటారా?" అనేవారు.

మన దేశంలో ఆ టెలిగ్రాం సేవను 2013 జూలైలో నిలిపివేశారు. అయితే ఈనాడు మన ఒక్కొక్కరి జేబులోకి రోజూ పది పదిహేను టెలిగ్రాములు వచ్చి పడుతున్నాయి. బ్యాంకు నుంచి, గ్యాసు కంపెనీ నుంచి, కరెంటు ఆఫీసు నుంచి, బడి నుంచి. తేడా ఒక్కటే. ఆనాడు మాట ఎక్కువైతే రాసినవాడికి ఖర్చు. ఈనాడు మాట ఎక్కువైనా, పొరబాటైనా ఖర్చు చదివినవాడికి.

నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. బి.కాం. పట్టా పుచ్చుకొని బ్యాంకులో చేరి, లెడ్జరు పుస్తకాల కాలం నుంచి ఫోను తెరల కాలం దాకా నెట్టుకొచ్చినవాణ్ణి. ఫోను తెర మీద సాంకేతిక విషయాలను తెలుగులో ఎలా రాయాలి అన్న ప్రశ్న నా బోటివాడికి ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్న నా బల్ల ముందుకు తనంతట తానే వచ్చి కూర్చుంది. ఆ సంగతి మొదట మనవి చేస్తాను.

ఒక పాత కుట్టుమిషను కథ

2022లో దసరాకు ముందు మాట. అప్పుడు నేను బళ్ళారిలో ఒక శాఖలో పనిచేస్తున్నాను. బళ్ళారి జీన్స్ ప్యాంట్లకు పేరుపడిన ఊరు. ఇళ్ళలో మిషన్లు పెట్టుకొని కుట్టే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఇల్లాలు మా ఖాతాదారు. ఆదోని నుంచి కోడలిగా వచ్చిన మనిషి. అక్కడ ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకొంది. పాత మిషను అమ్మి, మరికొంత కలిపి కొత్తది కొందామని, కొడుకు చేత ఫోనులో ప్రకటన పెట్టించింది.

ఒకాయన ఫోను చేశాడు. ధర విషయంలో బేరమే ఆడలేదు. బేరమాడకుండా పాత సామాను కొనేవాణ్ణి చూడగానే అనుమానించాలని మనకు ఇప్పుడు తోస్తుంది. అడ్వాన్సుగా రెండు వేలు పంపుతానన్నాడు. కాసేపటికి ఆమె ఫోను తెర మీద ఒక గడి తెరుచుకొంది. "చెల్లింపు అభ్యర్థన, రూ. 2,000" అని పైన. కింద రెండు మీటలు. ఒకదాని మీద "తిరస్కరించు", రెండోదాని మీద "ఆమోదించు". ఆమె ఆమోదించింది. పిన్ అడిగితే కొట్టింది. "రాలేదా అక్కా? ఉండు, మళ్ళీ పంపుతా" అన్నాడు. మళ్ళీ ఆమోదించింది. మళ్ళీ పిన్ కొట్టింది. నాలుగు వేలు పోయాయి.

మరునాడు పొద్దున ఆమె నా బల్ల ముందు కూర్చుని చెప్పిన మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"ఒప్పుకో అక్కా, నీకు దుడ్లు పడతాయి అనె సార్. నేను ఒత్తితి. పాయె."

దుడ్లు అంటే డబ్బులు. మా బళ్ళారి వైపు తెలుగులో అదే మాట.

ఫోను తీసి, ఆ తెర మీద ఏమి ఉందో చదవమన్నాను. అక్షరం తప్పు లేకుండా చదివింది. "అభ్యర్థన" లోని వత్తులు కూడా చక్కగా పలికింది.

"ఆమోదించు అంటే ఏమనుకొన్నావక్కా?" అని అడిగాను.

"ఒప్పుకొమ్మని కదా సార్? ఆయప్ప దుడ్లు ఇస్తానంటే నేను ఒప్పుకొంటి."

నాకు బదులు తోచలేదు. నిఘంటువు తీసి చూసినా ఆమె చెప్పిన అర్థమే ఉంటుంది. ఆ తెర రాసినవారు తెలుగులోనే రాశారు, అక్షరదోషం కూడా లేకుండా రాశారు. అయితే ఆ తెర చెప్పవలసిన ముఖ్యమైన మాట ఒక్కటుంది. "మీ ఖాతాలో నుంచి రూ. 2,000 పోతాయి." ఆ మాట మాత్రం ఎక్కడా లేదు.

జరిగింది ఏమిటంటే, 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ పద్ధతిలో డబ్బు పంపడానికే కాక, "నాకు ఇంత పంపండి" అని ఎదుటివారిని అడగడానికి కూడా ఏర్పాటు ఉండేది. ఆ మోసగాడు పంపింది డబ్బు కాదు, బిల్లు. ఆ బిల్లును ఆమె తన చేతులతో రెండుసార్లు చెల్లించింది. తానే పిన్ కొట్టింది కనుక బ్యాంకు తిరిగి ఇవ్వడానికి దారి లేకపోయింది. సైబరు నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయించాను. అప్పటికే ఒక రాత్రి గడిచిపోయింది. డబ్బు ఎక్కడికో దాటిపోయింది.

ఇలా మనిషికీ మనిషికీ మధ్య డబ్బు అడిగే ఏర్పాటును 2025 అక్టోబరు 1 నుంచి తీసివేశారు. అది మంచి పనే. అయితే ఆ ఏర్పాటు పోయినా, దానిని మాటల్లో పెట్టడంలో జరిగిన పొరబాటు మిగిలే ఉంది. అది మిగతా తెరలన్నిటి మీదా ఇంకా కనబడుతూనే ఉంది.

ఎవరి పద్దు? ఎవరి మాట?

ఆమె రెండోసారి మీట నొక్కక ముందే మొదటి రెండు వేలు పోయినట్లు బ్యాంకు నుంచి ఆమెకు సందేశం వచ్చింది. అందులో "డెబిటెడ్" అని ఉంది. ఆమె దానిని చూసింది కూడా. బ్యాంకు నుంచి ఏదో వచ్చింది కనుక డబ్బు వస్తున్నట్టే ఉందని అనుకొంది.

బి.కాం. మొదటి సంవత్సరంలో మాకు బట్టీ పట్టించిన సూత్రం ఒకటుంది. వచ్చినదానిని డెబిట్ చేయాలి, పోయినదానిని క్రెడిట్ చేయాలి. అంటే మీరు ఇంట్లో పద్దు పుస్తకం రాసుకొంటే, చేతికి నగదు వచ్చినప్పుడు నగదు ఖాతాకు డెబిట్ రాయాలి. మరి బ్యాంకువాళ్ళు డబ్బు పోతే డెబిట్ అంటారేమిటని ప్రతి విద్యార్థీ ఒకసారి తికమకపడతాడు. కారణం తేలికైనదే. మీరు వేసిన డిపాజిట్టు బ్యాంకు మీకు పడిన బాకీ. మీరు డబ్బు తీసుకొంటే ఆ బాకీ తగ్గుతుంది. బాకీ తగ్గడాన్ని బ్యాంకు తన పుస్తకంలో డెబిట్‌గా రాస్తుంది.

ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ మాట బ్యాంకు పుస్తకానిది. ఖాతాదారు ఫోనుకు పంపవలసింది ఆమె జేబు సంగతి. మేము మా పుస్తకంలో ఏ వైపున రాసుకొన్నామో ఆమెకు చెబుతున్నాం. నేను ముప్పై ఏళ్ళుగా ఆ మాట వాడుతూ, ఎన్నడూ ఈ తేడాను గమనించలేదు. ఆ రోజు గమనించాను.

ఫోను మీద సాంకేతిక విషయం రాసేవారు నేర్వవలసిన మొదటి పాఠం ఇదేనని నాకు తోస్తుంది. యంత్రంలో ఏం జరిగిందో కాకుండా, చదివే మనిషికి ఏం జరిగిందో, ఏం జరగబోతోందో చెప్పాలి.

నూట అరవై, డెబ్బై

ఇక కొలతల సంగతి. సందేశం ఎందుకంత పొట్టిగా ఉంటుందో తెలుసుకోవడం సరదాగానే ఉంటుంది.

1985లో జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు తన టైపురైటరు ముందు కూర్చుని తోచిన వాక్యాలు, ప్రశ్నలు కొట్టి, అక్షరాలు లెక్కపెట్టాడట. చాలావరకు 160 లోపే ముగిశాయి. ఆ లెక్కే నిలిచిపోయింది. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు క్రిస్మస్ శుభాకాంక్షలతో మొట్టమొదటి సందేశం పంపాడు. మన దేశంలో సెల్‌ఫోను సేవ 1995 జూలై 31న, కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మొదలైంది.

ఒక సందేశంలో పట్టేది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కనుక 160 అక్షరాలు పడతాయి. మన లిపికి ఒక్కొక్క గుర్తుకు 16 బిట్లు కావాలి. 1,120ని 16తో భాగించండి. డెబ్బై. తెలుగులో రాయగానే పొలం సగానికంటె చిన్నదైపోయిందన్నమాట.

అంతటితో అయిపోలేదు. ఫోను మనలాగ అక్షరాలను లెక్కపెట్టదు. హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, ఇలా విడివిడిగా లెక్కపెడుతుంది. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు. ఫోను లెక్కలో ఏడు. "స్త్రీ" మనకు ఒకటే అక్షరం. ఫోనుకు ఆరు. డెబ్బై దాటితే సందేశం రెండు ముక్కలవుతుంది. ముక్కలను మళ్ళీ అతికించే గుర్తులకు కొంత చోటు పోతుంది కనుక అప్పుడు ముక్కకు 67 మాత్రమే మిగులుతాయి. పంపేవారికి రెండు సందేశాల ఖర్చు.

ఒకనాటి సాయంత్రం కాగితం, పెన్సిలు తీసుకొని నేనే లెక్క కట్టాను. మన కార్యాలయాల తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

"మీ ఖాతా సంఖ్య 1234 నుండి రూ. 500 విజయవంతంగా ఉపసంహరించబడినవని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."

ఖాళీలతో కలిపి 91. రెండు సందేశాలు. పైగా నా డబ్బు పోయినందుకు బ్యాంకుకు సంతోషమెందుకో తెలియదు. అదే సంగతి ఇలా రాయవచ్చు:

"మీ ఖాతా 1234 నుంచి రూ. 500 పోయాయి."

34. సగం చోటు ఇంకా మిగిలే ఉంది. ఆ మిగిలిన చోటులో, "మీరు తీయకపోతే ఫోను చేయండి" అని నంబరుతో సహా రాయవచ్చు. ఖాతాదారుకు అసలు కావలసింది ఆ నంబరే.

చోటు చాలడం లేదని కొందరు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో రాస్తుంటారు. పిల్లలు పరస్పరం రాసుకొనే కబుర్లకు అది సరిపోవచ్చు. "పాడు", "పడు" రెండూ అందులో ఒకేలా కనబడతాయి. డబ్బు సంగతులకు ఆ పద్ధతి పనికిరాదు.

ఖాళీలు పూరించే తెలుగు

బ్యాంకు సందేశాన్ని ప్రతిసారీ ఎవరో కూర్చుని రాయరు. 2018లో ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం సంస్థలు తమ సందేశపు నమూనాను ముందుగానే నమోదు చేసుకోవాలి. పేరు, మొత్తం, తేదీ ఉండవలసిన చోట ఖాళీలుంటాయి. వాటిని కంప్యూటరు పూరిస్తుంది. ఇంగ్లీషుకు ఇది తేలిక. తెలుగుకు చిక్కులున్నాయి. పంపినది ఆడవారో మగవారో కంప్యూటరుకు తెలియదు. "పంపాడు" అనాలా, "పంపింది" అనాలా? రూపాయి ఒకటైతే "పోయింది", ఎక్కువైతే "పోయాయి".

ఈ చిక్కును కంప్యూటరు విప్పలేదు కాని, మన మర్యాద విప్పుతుంది. పేరు ఉండే ఖాళీ తర్వాత "గారు మీకు రూ. 500 పంపారు" అని రాసి చూడండి. పంపినది ఎవరైనా సరే, ఒక్క రూపాయి పంపినా ఐదు వందలు పంపినా సరే, వాక్యం చెడదు. మన పెద్దలు మనిషిని గౌరవించడానికి ఏర్పరచిన "గారు" యంత్రానికి కూడా అక్కరకు వచ్చింది.

మీటలు, వత్తులు, వేలికొనలు

పత్రికలో వ్యాసం రాసేవారికి పుటంతా చేతిలో ఉంటుంది. ఫోను మీద రాసేవారికి తాళం వేసిన తెర మీద కనబడే మొదటి వరుసే దక్కుతుంది. చాలామంది అంతవరకే చదువుతారు. కాబట్టి "ప్రియమైన ఖాతాదారుకు" అని మొదలుపెడితే ఆ వరుస వృథా. వచ్చాయా, పోయాయా, ఎన్ని అన్నది మొదట రావాలి. మర్యాద క్రియలో ఉంటే చాలు.

మీటల మీది మాటలు మరీ ముఖ్యం. ఒక తెర మీద నేను చూశాను. "ఈ లావాదేవీని రద్దు చేయాలా?" అని ప్రశ్న. కింద రెండు మీటలు, "సరే", "రద్దు". రద్దు చేయాలంటే ఏది నొక్కాలి? "రద్దు" నొక్కితే లావాదేవీ రద్దవుతుందా, లేక ఆ రద్దే రద్దవుతుందా? ప్రశ్నలో ఉన్న క్రియనే మీట మీద రాస్తే ఈ గొడవ ఉండదు. "పంపండి" ఒకటి, "పంపవద్దు" ఒకటి. అంతే.

మన లిపికి శరీరం కూడా ఉందని గుర్తుంచుకోవాలి. పైన గుడి, తలకట్టు, కింద వత్తు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం మనకు సరిపోదు. మీట గడిలో "రాష్ట్రం" అని రాస్తే కింది వత్తులు కోసుకుపోవడం చాలాసార్లు చూశాను. మన మాటలు పొడుగు కనుక, చోటు చాలక "ఆమోదిం" దగ్గర ఆగి మూడు చుక్కలు పెట్టడం కూడా మామూలే. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం గూగుల్ ఇచ్చిన సూచనలలో, వేలితో నొక్కే చోటు ఏ వైపు చూసినా సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలన్నారు. కుట్టుపని చేసి మొద్దుబారిన వేళ్ళకు, చత్వారం వచ్చిన కళ్ళకు అది కూడా తక్కువే.

మన లిపిని యంత్రాలు ఇంకా పూర్తిగా ఒంటబట్టించుకోలేదనడానికి ఒక సంగతి చెబుతాను. యూనికోడ్ పట్టికలో తెలుగుకు 1991లోనే 128 గళ్ళు కేటాయించారు. అయినా 2018 ఫిబ్రవరిలో, ఒకే ఒక్క తెలుగు అక్షరం అందితే చాలు, ఐఫోన్లలో సందేశాల ఆప్ వంటివి కుప్పకూలడం మొదలైంది. ఆ అక్షరం "జ్ఞా". మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరి వచ్చిన "జ్ఞా"ను ఎలా గీయాలో ఆ ఫోన్లకు తెలియలేదు. ఆపిల్ సంస్థ అదే నెల 19న సవరణ విడుదల చేసింది. అంత ఖరీదు ఫోనుకు మన జ్ఞానంలోని మొదటి అక్షరం కొరుకుడు పడలేదని మిత్రులం నవ్వుకొన్నాం. నవ్వు పక్కన పెడితే, తెలుగువారి చేతిలో పెట్టి పరీక్షించనిదే ఏ తెరనూ వదలకూడదన్న పాఠం అందులో ఉంది.

నేను రాసిన పంతొమ్మిది వరుసలు

ఇన్ని నీతులు చెప్పే నేను స్వయంగా ఏం చేశానో కూడా చెప్పాలి కదా. ఆ ఇల్లాలి సంగతి జరిగిన వారానికే మన తెలుగు కుటుంబాల వాట్సాప్ బృందంలో పెడదామని ఒక హెచ్చరిక రాశాను. "గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారములు" అని మొదలుపెట్టి, యూపీఐ చరిత్ర, మోసం జరిగే తీరు, రిజర్వు బ్యాంకు సూచనలు అన్నీ పెట్టి పంతొమ్మిది వరుసలు రాశాను. పంపక ముందు మా ఆవిడకు చూపించాను. ఆమె వేలితో పైకి జరుపుతూ, జరుపుతూ చివరికి అంది:

"ఏమండీ, ఇది చదివేలోగా ఆ దొంగ డబ్బు తీసుకొని గుంతకల్లు దాటిపోతాడు. ఇంతకీ మీరు చెప్పదలచుకొన్నది ఏమిటి?"

"డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు."

"అదే రాయండి మరి."

రాశాను. "డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు పోతుంది." లెక్క కట్టి చూస్తే 59. ఒక్క సందేశంలో పట్టింది. సంబరపడి మరునాడు శాఖలో ఒక చిన్నవయసు అధికారికి చూపించాను. అతను చదివి, "సార్, రెండో వాక్యం తప్పు. బ్యాలెన్సు చూసుకోవడానికి కూడా పిన్ కొట్టాలి. డబ్బేమీ పోదు కదా?" అన్నాడు.

నిజమే. ఆ వాక్యం నమ్మినవారు బ్యాలెన్సు చూసుకోవడానికి భయపడతారు. లేదా బ్యాలెన్సు చూసుకొని, డబ్బు పోలేదు కనుక నా మాటే తప్పని మొదటి వాక్యాన్ని కూడా నమ్మడం మానేస్తారు. రెండోది ఇంకా ప్రమాదం. పొట్టిగా రాయాలన్న తొందరలో అబద్ధం రాశాను. మధ్యాహ్నం భోజనం వేళ దాకా దానితోనే కుస్తీపట్టి, చివరికి ఇలా మార్చాను:

"డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అడిగితే మోసం."

46. ముందుకంటె పొట్టిది. పైగా నిజమైనది. పొట్టిగా రాయడమంటే తెలిసినదానిలో ఏది వదిలినా అబద్ధం కాదో తెలుసుకోవడం. విషయం బాగా తెలియనివాడు కత్తిరిస్తే ముఖ్యమైనదే తెగిపోతుంది. ఆ "ఆమోదించు" మీట రాసినవారికి తెలుగు రాకపోలేదు, యూపీఐ తెలియకపోలేదు. ఆ మీట నొక్కబోయే మనిషి ఎవరో తెలియదు. ఆమె దగ్గర కూర్చుని ఒక్కసారి చదివించి ఉంటే తెలిసేది.

ఆ మాటనే తెలుగులోనూ కన్నడంలోనూ పెద్ద అక్షరాలతో రాయించి మా శాఖ గోడకు అంటించాం. తెలుగు కాగితంలో "డబ్బు" తీసి "దుడ్లు" అని పెట్టించాను. పై అధికారి ఒకరు వచ్చినప్పుడు అది గ్రామ్యంగా ఉందన్నారు. మా ఖాతాదార్లకు అర్థమవుతుందండీ అన్నాను. ఉండనిచ్చారు.

మన ఇళ్ళలో మనం చేయగలిగింది

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత పుట్టిన మావంటి ఇళ్ళలో తెలుగు చాలావరకు చెవిలో ఉంది కాని, కంట్లో లేదు. హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో ఉన్న బంధుమిత్రులు కూడా ఇదే చెబుతారు. పిల్లలు ఆ రాష్ట్రపు లిపో, ఇంగ్లీషో చదువుతారు. తెలుగు చదవగలిగిన తరం ముసలిదైపోతోంది. సరిగ్గా ఆ తరమే ఫోను మోసాలకు ఎక్కువ దొరికిపోతోందని బల్లకు ఇవతల కూర్చున్న నా అనుభవం. కాబట్టి మనకోసం తెలుగులో ఏది రాసినా, ఒకరు పైకి చదివితే మరొకరు విని అర్థం చేసుకొనేలా ఉండాలి. రాసినదాన్ని మీ అమ్మగారికో అత్తగారికో చదివి వినిపించండి. "అంటే ఏమిటి?" అని అడిగారంటే అక్కడ మార్చాలి.

మీలో ఎంతోమంది ఏదో ఒక బృందానికి, అపార్టుమెంటుకు, బడికి, గుడి కమిటీకి ఫోను మీద సూచనలు రాస్తూనే ఉంటారు. నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు ఇవి. మొదటి వరుసలోనే అసలు సంగతి చెప్పండి. ఒక సందేశంలో ఒక్క పనే చెప్పండి. "చేయబడినది" అనకుండా ఎవరు ఏం చేయాలో చెప్పండి. తేదీని 5-6 అని రాయకుండా జూన్ 5 అని రాయండి, ఏది రోజో ఏది నెలో వెతుక్కొనే పని చదివేవారికి పెట్టకండి.

ఇక చదివేవారిగా గుర్తుంచుకోవలసినవి కొన్ని. సందేశం పంపినవారి పేరు చివర, అడ్డగీత తర్వాత ఇప్పుడు ఒక ఇంగ్లీషు అక్షరం వస్తోంది. "పి" అంటే ప్రచారం, "ఎస్" అంటే సేవ, "టి" అంటే లావాదేవీ, "జి" అంటే ప్రభుత్వం. మామూలు పది అంకెల నంబరు నుంచి "మీ ఖాతా మూసేస్తున్నాం" అని వస్తే అది బ్యాంకు పని కాదు. బ్యాంకుల వెబ్ చిరునామాలు "బ్యాంక్ డాట్ ఇన్" తో ముగియాలని రిజర్వు బ్యాంకు చెప్పి, మారడానికి 2025 అక్టోబరు 31 దాకా గడువు ఇచ్చింది. ఆ తోక లేని చిరునామాలో పాస్‌వర్డు కొట్టకండి. మోసపోయామని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోను చేయండి, తెల్లవారేదాకా ఆగకండి. ఆ ఇల్లాలు ఆగింది మా బ్యాంకు తెరవడం కోసం.

ఆమె నాలుగు వేలు తిరిగి రాలేదు. మిషను మాత్రం ఆ ఏడాది దీపావళికి ఎదురింటివాళ్ళకే అమ్ముకొంది. డబ్బు నోట్లుగా తీసుకొంది. ఆ నోట్లు ఖాతాలో వేయడానికి వచ్చినప్పుడు గోడ మీది కాగితాన్ని నిలబడి, పెదవులు కదుపుతూ చదువుకొంది.

"ఇది ముందే రాసింటే బాగుండు కదా సార్" అంది.

అవునక్కా అన్నాను.